కెప్టెన్ వగ్దీ చేతులు

బహ్రీ పేటలో వగ్దీని పేరు పెట్టి పిలిచేది ఒక్క భార్య ఇన్సాఫే. మిగతా అలెగ్జాండ్రియాకి, అక్కడ కసరత్తు నేర్పేవాళ్ళందరినీ పిలిచినట్టే, ఆయన కెప్టెన్. చేపల బజారు వెనక సందులో, మెట్లు దిగి వెళ్ళే నేలమాళిగలో ఏళ్ళ తరబడి కుర్రాళ్ళ చేత బరువులు ఎత్తించాడు. వయసులో ఉండగా పందెం కాసి పాత ఫియట్ కారు వెనక చక్రాలు నేల మీంచి లేపాడని ఇప్పటికీ కాఫీ కొట్ల దగ్గర చెప్పుకుంటారు. పరుగంటే మాత్రం ఆయనకి వెటకారం. శిష్యుడెవడైనా పొద్దున్నే సముద్రం ఒడ్డున పరుగెత్తి వస్తున్నానంటే, "పరుగెత్తేది దొంగ, వాడి వెనకాల పోలీసు. నువ్వు ఇద్దరిలో ఎవడివిరా?" అనేవాడు. కష్టపడి పెంచిన కండని చెమటలో కార్చుకోవడం కంటే వెర్రితనం లేదని ఆయన నమ్మకం.

అరవై దాటాక ఒకనాడు బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువు ఎత్తుతుంటే ఛాతీ లోపల ఎవరో పిడికిలి బిగించినట్టయింది. కడ్డీ మెడ మీద పడేలోపు పెద్ద శిష్యుడు సబ్రీ అందుకున్నాడు. ఆసుపత్రిలో స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ నెర్మీన్ అంది: "గుండె కూడా కండే కెప్టెన్. ఇన్నాళ్ళూ దానికొక్కదానికే మీరు కసరత్తు చేయించలేదు. ఇక నడవండి."

నడిచాడు. వ్యాయామశాల సబ్రీకి అప్పగించి మళ్ళీ ఆ మెట్లు దిగలేదు. రెండు పూటలా సముద్రపు గోడ వెంట షాత్బీ దాకా వెళ్ళి తిరిగొచ్చేవాడు. ఇష్టంతో కాదు, భయంతో. ఒక్క పూట మానేస్తే ఆ పిడికిలి మళ్ళీ బిగుస్తుందని భయం. మాంసం ముట్టడం మానేశాడు, కోడిగుడ్డు పెట్టబోతే వద్దని దణ్ణం పెట్టేవాడు. చూస్తుండగానే చొక్కాలు కొయ్యకి తగిలించినట్టు వేలాడసాగాయి.

తర్వాత పరీక్షకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ గుండె విని సంతోషించింది. చేతులు చూసి మొహం ముడిచింది.

"నడక ఒక్కటే చాలదు కెప్టెన్. ఈ వయసులో కండ కరిగిపోతే మళ్ళీ రావడం మహా కష్టం. కడుపునిండా తినండి. వారంలో రెండు మూడు రోజులు తేలిక బరువులు ఎత్తండి. అదేదో మీకు నేను నేర్పాలా?"

"అక్కర్లేదు డాక్టరమ్మా, రేపే మొదలెడతా" అన్నాడు.

మంచం కింద చిన్న డంబెల్స్ జత ఉంది. వంగి పట్టుకునేవాడు. చల్లటి ఇనుము వేళ్ళకి తగలగానే నేలమాళిగలో ఆ బల్ల, మెడ మీదికి దిగుతున్న కడ్డీ కళ్ళ ముందుకొచ్చేవి. ఊపిరి ఆడేది కాదు. వాటిని మెల్లిగా మంచం కిందికి తోసేసి బూట్లు తొడుక్కునేవాడు. ఈ సంగతి ఎవరికని చెప్పుకుంటాడు? ఎంతమంది కుర్రాళ్ళ భయం పోగొట్టిన మనిషి!

ఆ పొద్దున నడక ముగించుకుని మెట్లెక్కి వచ్చేసరికి ఇన్సాఫ్ బాల్కనీ గుమ్మంలో పడి ఉంది. బట్టలారేయబోయి తడి పలక మీద జారింది. తొట్టె బోర్లాపడి నీళ్ళు గదిలోకి పారుతున్నాయి.

"వచ్చావా? ఇందాకట్నించీ ఈ నీళ్ళలో ఈదుతున్నా. లేపు నన్ను" అంది. నవ్వబోయి పళ్ళు బిగించింది. "తుంటి దగ్గర ఏదో చిటుక్కుమంది వగ్దీ."

ఇన్సాఫ్ మంచి పుష్టిగల మనిషి. ఆయన వెనక మోకాళ్ళ మీద కూచుని చంకల కింద చేతులు పోనిచ్చి లాగాడు. కదల్లేదు. కాళ్ళు నిలదొక్కుకుని, వెన్ను నిటారుగా పెట్టి, తను వందలమందికి నేర్పిన తీరుగానే మళ్ళీ ఎత్తాడు. ఒక జానెడు లేచింది. ఆయన చేతులు గజగజ వణికి జారిపోయాయి. ఆమె కెవ్వుమంది. చిత్రమేమిటంటే ఆయనకి కాస్తయినా ఆయాసం రాలేదు. గుండె గడియారంలా నిదానంగా కొట్టుకుంటోంది. దానికి ఏ లోటూ లేదు.

"నేనెక్కువా, ఆ ఫియట్ ఎక్కువా?" అంది ఇన్సాఫ్, కళ్ళలో నీళ్ళతో.

ఆయన ఆ నీళ్ళలోనే ఆమె పక్కన చతికిలబడ్డాడు. కాసేపటికి లేచి బాల్కనీలోంచి వంగి, "ఎవరైనా రండయ్యా! పైకి రండి!" అని కేకేశాడు. ఆ గొంతు తనదేనా అనిపించింది.

చేపల కొట్టు వాళ్ళిద్దరు పరుగున వచ్చారు. ఒకడు ఒకప్పుడు ఆయన దగ్గర బరువులు ఎత్తినవాడే. దుప్పటి మీదికి చేర్చి ఆమెని అవలీలగా లేపారు.

"మీరున్నారు కదా కెప్టెన్, మేమెందుకనుకున్నాం" అన్నాడు వాడు, మామూలుగానే.

తలకొట్టేసినట్టయింది. ఆయన నోరు తెరిచేలోపే ఇన్సాఫ్ అందుకుంది: "నేనే ముట్టుకోనివ్వలేదు నాయనా. ఆయన గుండె సంగతి తెలుసుగా మీకు."

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే కింది అంతస్తులో ఉండే ఉమ్ బీషో, ఆమె కోడలూ రావలసిందే. వాళ్ళు ఎత్తుతుంటే ఆయన దిండు పట్టుకుని నిలబడేవాడు.

చివరికి సబ్రీ దగ్గరికి వెళ్ళాడు. ఆ మెట్ల మీద గోడ పట్టుకుని నిలబడి, "నాకు భయమేస్తోందిరా" అన్నాడు. సబ్రీ నవ్వలేదు. చెయ్యి పట్టుకుని దించి, వట్టి కడ్డీ చేతికిచ్చి, వెనక తన చేతులు ఆనించి నిలబడ్డాడు.

"బలం త్వరగా రావాలిరా. అది మంచంలో ఉంది."

"మీరేం చెప్పేవారు మాకు? కండని తొందరపెట్టకూడదనేగా."

అయినా తొందరపడ్డాడు. ఉన్న కాస్త కండా కరక్కూడదని నడక మానేశాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఛాతీ పట్టేసినట్టయి వణుకుతూ డాక్టరమ్మ దగ్గరికి పోతే, "నడకా కావాలి, బరువులూ కావాలి కెప్టెన్. ఒకదాని కోసం రెండోదాన్ని వదిలెయ్యకండి. నెలలు పడుతుంది" అంది. మళ్ళీ నడిచాడు. మళ్ళీ తిన్నాడు, గుడ్లు, పప్పు, కోడి. తిన్నదంతా ఎక్కడికి పోతోందో చేతులు అలాగే ఉన్నాయి. ఇంట్లో ఇన్సాఫ్ మాత్రం పళ్ళెం తోసేసేది. "సయించడం లేదు వగ్దీ, నువ్వు తిను. బలం కావలసింది నీకు."

చలికాలం వెళ్ళిపోతుండగా ఒక మధ్యాహ్నం ఉమ్ బీషో చర్చికి వెళ్ళింది. ఇన్సాఫ్‌కి కిటికీ దగ్గర కూచోవాలనిపించింది.

"ఒక్కసారి చూడు, పోనీ" అంది.

ఆయన మోకాళ్ళు వంచి, ఆమె వీపు కిందా మోకాళ్ళ కిందా చేతులు పోనిచ్చి లేచాడు. ఆమె లేచింది. ఏ ఇబ్బందీ లేకుండా, చేతులు వణక్కుండా లేచింది.

"చూశావా! వచ్చేసింది నీ బలం" అని ఆయన మెడ చుట్టూ చేతులు వేసి పకపకా నవ్వింది.

జీవితమంతా బరువులు ఎత్తినవాడు. ఏది ఎంత తూగుతుందో ఆ చేతులకి ఎవరూ చెప్పక్కర్లేదు. పోయిన వారం సబ్రీ దగ్గర తను ఎంత ఎత్తగలిగాడో ఆయనకి తెలుసు. ఇప్పుడు చేతుల్లో ఉన్న మనిషి ఆ మాత్రమే తూగుతోందని కూడా తెలిసింది.

"వచ్చింది" అన్నాడు.

ఆమెని కుర్చీలో కూచోబెట్టి కాళ్ళ మీద శాలువా కప్పాడు. వంటింట్లోకి వెళ్ళి పప్పుచారు వేడిచేసి తెచ్చి, ఎదురుగా పీట వేసుకుని చెంచాతో నోటికి అందించాడు. రెండు చెంచాలు తాగి ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "ఇంకొక్కటి" అన్నాడాయన. "ఒక్కటంటే ఒక్కటి, ఇన్సాఫ్." ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన చెంచా అలాగే పట్టుకుని కూచున్నాడు.