గాలి పైపులో నీళ్లు

చిన్న కోడలు రంగు కొట్టే గన్ను పట్టుకున్నాకే బస్సుకి చెమటకాయలు లేచాయని పక్క షెడ్డు టైర్ల ఆయన అన్నాడట. ఆ మాట ఆయన భార్య టీ కొట్లో చెప్పింది. టీ కొట్టావిడ తెచ్చి అత్తగారి చెవిన వేసింది. అత్తగారు మొగుడి దగ్గరికి చేర్చేసరికి చెమటకాయలు కాస్తా కురుపులయ్యాయి.

పొక్కులు లేచిన మాట మాత్రం అబద్ధం కాదు. వేసిన నీలం రంగు ఆరేలోపే రేకు నిండా ఆవగింజంత బుడగలు. గీకి, ఎమరీ కాగితం పట్టి, మళ్లీ వేస్తే మళ్లీ లేచాయి. బస్సు ఓనరు మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

మామగారు ముప్పై ఏళ్లు బస్సులకి రంగులేసిన మనిషి. చెయ్యి వణకడం మొదలయ్యాక, నాలుగేళ్లు పక్కనుండి పని నేర్చిన చిన్న కోడలికి గన్ను అప్పజెప్పాడు. ఇప్పుడాయన కోడలి వైపు చూడకుండానే తేల్చేశాడు.

"ఇంకొక్కసారి చూస్తానమ్మాయ్. ఈసారీ లేస్తే బయటి పెయింటర్ని తెచ్చుకుంటా. నువ్వు ఎమరీ రుద్దుకుందువు గాని."

ఆమెకి ఆ పూట అన్నం సయించలేదు. ఎత్తు పీట మీద కూర్చుని బస్సుకేసి చూస్తూ ఉండిపోయింది. చూడగా చూడగా ఒక సంగతి కళ్లబడింది. రంగు వేయడం తను ముందు తలుపు దగ్గర మొదలుపెడుతుంది. అక్కడ రేకు నున్నగా ఉంది. బుడగలన్నీ వెనక చక్రం దాటాకే. తన చెయ్యే చెడ్డదైతే ముందు తలుపుని ఎందుకు వదిలేసినట్టు?

లేచి, గన్నుకున్న రంగు డబ్బా తీసేసి, ఉత్త గాలిని పాత కిటికీ అద్దం మీదికి కొట్టింది. మొదట అద్దం పొడిగానే ఉంది. పావుగంటకి సన్నటి తుంపర మొదలైంది.

గాలి నింపే కంప్రెసర్ నుంచి గోడ వెంట వచ్చే ఇనప పైపుని తడుముకుంటూ నడిచింది. మొదట్లో చెయ్యి పెట్టలేనంత వేడి, చివరికొచ్చేసరికి చల్లన. వేడి గాలి దారిలో చల్లారి, గిన్నె మూతకి ఆవిరి పట్టినట్టు పైపు లోపల నీరవుతోంది. గన్నుకి గాలి తెచ్చే గొట్టమేమో పైపు అడుగునుంచి దిగి ఉంది. చేరిన నీళ్లన్నీ బొట్టు పోకుండా గన్నులోకే వస్తున్నాయి.

ఆ పైపు వేసింది బావగారు, అంటే ఆమె భర్తకి అన్న. ఆయన ప్లంబరు. పుట్టి బుద్ధెరిగాక నీళ్ల పైపులే వేశాడు, గాలి పైపునీ అలాగే వేశాడు. ఆమె సంగతి చెప్పి, గొట్టం పైపు పైనుంచి తీయాలంటే, రోజూ పొద్దున్నే కంప్రెసర్ ట్యాంకు కింద కుళాయి తిప్పి నీళ్లు వదులుతూనే ఉన్నానని, ఇంకెక్కడి నీళ్లని కస్సుమన్నాడు. అడుగునుంచి కాక నడినెత్తినుంచి గొట్టం తీసిన పనివాణ్ణి ఎక్కడైనా చూశావా అన్నాడు.

"నీళ్లు కావాలంటే మీరు వేసిందే సరైంది బావగారూ. నాకు నీళ్లు వద్దు."

ఆయన తన చేత్తో మాత్రం తిప్పనని రెంచి నేలమీద పెట్టేశాడు. ఆమె కొంగు బిగించి, పైపులో గాలంతా వదిలేసి, తనే నిచ్చెనెక్కింది. అడుగున ఉన్న పాత దారికి పైపు ముక్క వేలాడదీసి, నీళ్లు చేరితే వదలడానికి దాని కొసన కుళాయి బిగించింది. గన్ను గొట్టానికి పైపు వీపు మీదనుంచి దారి తీసి, ఏనుగు తొండంలా వంచి కిందికి దించింది.  గాలి కారకుండా మర మీద చుట్టే టేపుని ఆమె ఎదురు చుట్టడం చూసి, బావగారు ఉండబట్టలేక నిచ్చెన పట్టుకుని, ఎటు చుట్టాలో కింది నుంచే గొణిగాడు.

కంప్రెసర్ గంటసేపు ఆడింది. ఆమె కొత్త కుళాయి కింద డబ్బా పెట్టి తిప్పింది. తుప్పు రంగు నీళ్లు బుస్సుమంటూ దూకి సగం డబ్బా నిండాయి. బావగారు డబ్బాలోకి తొంగిచూసి, తలెత్తకుండా పైపు దగ్గరికి పోయి, వాలు ఇంకాస్త పెంచాలని బిగింపులు సడలించడం మొదలుపెట్టాడు. గన్ను ముందు అద్దం ఎంతసేపు కొట్టినా పొడిగానే ఉంది.

బుడగల రంగంతా గీకి, ఎమరీ పట్టి, అప్పుడేసింది రంగు. ముందు తలుపు నుంచి వెనక దీపం దాకా ఒక్క ఊపున. మామగారు ముక్కు రేకుకి ఆనేంత దగ్గరగా వెళ్లి జానా జానా వెతికాడు. ఆవగింజంత కాదు, గసగసాల గింజంత బుడగ కూడా దొరకలేదు. ఆయన గన్ను కడిగి, తుడిచి, తనే తెచ్చి కోడలి చేతికిచ్చాడు.

ఓనరు వచ్చి బస్సు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పక్క రేకులో మొహం చూసుకుని మీసం సర్దుకున్నాడు. పైపు మార్చారని విన్నాడు కాబోలు, బావగారి భుజం తట్టి, నువ్వు పూనుకున్నావు కాబట్టి పనైంది, రెండో బస్సూ నీ మాట మీదే పంపిస్తానన్నాడు. 

"వాడు నిచ్చెన పట్టుకున్నాడండీ," అన్నాడు మామగారు. "జబ్బు కనిపెట్టిందీ, పైపు తిప్పిందీ, రంగేసిందీ మా కోడలు. రెండో బస్సు సంగతి దాన్నడగండి."