ముల్లంగి మడుల మీద కుట్ర

బడిలో తోట పెట్టాలన్న ఆలోచన సైన్సు టీచరుకి వచ్చింది. దానికి కావలసిన జాగా మాత్రం డ్రిల్లు మాస్టారి ఆటస్థలంలోంచి పోయింది. సగం మైదానం తవ్వి మడులు కట్టేసరికి, పరుగు పందెం పెడితే పిల్లలు ఇలా బయలుదేరి అలా గోడకి గుద్దుకుంటున్నారు. ఆయన ఊరుకునే మనిషి కాదు. హెడ్మాస్టరు ముందు మాత్రం ఎప్పుడూ ఊరుకునే మనిషే.

ఇప్పుడు మిగిలిన సగానికీ గండం వచ్చింది. నెల తిరిగేలోగా పై ఆఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ వస్తుందట. తోటలో పండింది పిల్లలు తింటున్నారని ఆమెకి నమ్మకం కుదిరితే ఇక్కడి తోటని రెట్టింపు చేస్తారు, చుట్టుపక్కల మరో పన్నెండు బళ్లలో కొత్తగా పెట్టిస్తారు. రెట్టింపంటే ఎటు పాకుతుందో లెక్కల మాస్టారు వచ్చి చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్లుగా ఆ దుమ్ములో నిలబడి గొంతు చించుకున్న మనిషికి ఇక వరండా మూలే గతి. అది తల్చుకుంటే ఆయనకి అన్నం సహించేది కాదు.

నిజానికి ఆ తోటలో అప్పటిదాకా పండింది గుండు సున్నా. ముల్లంగి, పాలకూర మూడుసార్లు వేశారు. మూడుసార్లూ నాలుగాకులు వేసి, తల వాల్చి, చచ్చాయి. సైన్సు టీచరు తప్పంతా మట్టిదంది, తర్వాత విత్తనాలదంది, చివరికి ఎండని కూడా వదల్లేదు. ఆవిడ దగ్గర నలభై నోటు పుస్తకాలున్నాయి. ఒక్కో పిల్లకి ఒక్కో మొక్క. వేరు ఎంత పెరిగిందో రోజూ కొలిచి రాయాలి. మట్టిలో ఉన్న వేరుని ఎలా కొలుస్తారంటారా? పీకి కొలుస్తారు, మళ్లీ గుచ్చేస్తారు. స్వయంగా చేసి నేర్చుకోవడమంటే అదేనని ఆవిడ గట్టి నమ్మకం. ఈ పీకుడు డ్రిల్లు మాస్టారు రోజూ చూస్తూనే ఉన్నాడు గానీ, మొక్కల సంగతి ఆయనకీ అంతంత మాత్రమే.

నాలుగోసారి విత్తనాలు వేసిన మర్నాడే ఆయన హెడ్మాస్టరు గదిలోకి వెళ్లాడు. ఆఫీసరమ్మ గేటు దాటగానే పిల్లలు బారులు తీరి సెల్యూట్ కొట్టాలంటే గట్టి సాధన ఉండాలనీ, అందుకు నెల్లాళ్లు తోట పీరియడు కూడా తనకే ఇమ్మనీ అడిగాడు. చూసేవాళ్లు లేకపోతే మొక్కలు వాటంతట అవే ఎండి చస్తాయని ఆయన ఎత్తు. సెల్యూట్ అనేసరికి హెడ్మాస్టరు ఐసైపోయాడు. సైన్సు టీచరు ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆవిడ నలభై పుస్తకాలూ బీరువాలో పెట్టి తాళం వేస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి మాస్టారికి మనసు చివుక్కుమంది. వెంటనే మైదానం గుర్తు తెచ్చుకుని మనసు రాయి చేసుకున్నాడు.

ఇక చూడండి, పిల్లలకి తల ప్రాణం తోకకొచ్చింది. పరుగులు, గంతులు, కవాతు. దుమ్ము కొట్టుకుపోయి కుళాయిల దగ్గరికి పరుగెత్తేవాళ్లు. శుభ్రంగా కడుక్కుంటే గాని క్లాసులోకి వెళ్లొద్దని ఆయనే అరిచేవాడు. ఆ కడిగిన నీళ్లన్నీ కాలవ వెంట ఎటు పోతున్నాయో చూసుకోలేదు మహానుభావుడు. మూడో వారంలో బంతి అటు దొర్లిందని వెళ్లి చూస్తే, మడుల నిండా పాలకూర పచ్చగా కళకళలాడుతోంది. మట్టిని పగలదీసుకుని ముల్లంగి భుజాలు బయటపెట్టింది. ఆయన బంతి అక్కడే వదిలేశాడు.

నేరుగా వంటగదిలోకి వెళ్లి, ఇదేం మాయ అక్కా అని వంటావిడని అడిగాడు.

"మాయేముంది తమ్ముడూ, పీకేవాళ్లు లేరు, బతికాయి. నీళ్లంటావా, నీ పుణ్యమే."

ఆయనకి మిగిలింది ఒకటే ఆశ. ఆ బడి పిల్లలు ఆకుకూర మొహం చూడరు. రోజూ మధ్యాహ్నం వంటావిడ చెత్తబుట్టలో కుమ్మరించేదంతా అదే. ఆఫీసరమ్మ ముందు కూడా ఇలాగే మూతులు తిప్పితే చాలని ఆయన మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. సెల్యూట్ అదిరింది, కవాతు రెండు గంటలు సాగింది. తర్వాత పిల్లలు భోజనాల మీద పడ్డారు. పాలకూర గిన్నె అడుగు దాకా గీకారు. ముల్లంగి ముక్కల కోసం కొట్టుకున్నారు. ఆఫీసరమ్మ కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుంటే, హెడ్మాస్టరు చంకలు గుద్దుకుంటూ మైదానం వైపు చెయ్యి చాపి, ఆ ముక్క కూడా రేపే తవ్వించేద్దామన్నాడు.

ఆఫీసరమ్మ పుస్తకాలు అడిగింది. సైన్సు టీచరు తెచ్చి ముందు పెట్టింది. ఆఖరి నెల పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. కూరలు బజారులో కొనుక్కొచ్చి వండలేదు కదా అని ఆఫీసరమ్మ అడిగేసింది. సైన్సు టీచరు హెడ్మాస్టరు వైపు చూసింది. హెడ్మాస్టరు సీలింగు ఫ్యాను వంక చూస్తూ నిలబడ్డాడు.

ఇంకో నిమిషం నోరు మూసుకుని ఉంటే మైదానం దక్కినట్టే. డ్రిల్లు మాస్టారికి ఆ సంగతి బాగా తెలుసు. కానీ ఒళ్లొంచి పనిచేసిన మనిషిని దొంగని చేస్తుంటే చూస్తూ నిలబడడం ఆయన వల్ల కాలేదు.

"పేజీలు ఖాళీగా ఉండడానికి కారణం నేనండి. తోట ఎండిపోతే నా మైదానం మిగులుతుందని పిల్లల్ని అటు పోనివ్వలేదు. వాళ్లు కాళ్లు కడిగిన నీళ్లకే అది పండింది. పరిగెత్తి పరిగెత్తి ఆకలేసి తిన్నారు. కూరలు బజారువి కావండి, ఈ మడులవే."

ఆఫీసరమ్మ పుస్తకాలు మూసేసింది. తర్వాత మైదానం తవ్వేస్తే ఆ ఆకలీ ఆ నీళ్లూ ఎక్కడినుంచి వస్తాయని హెడ్మాస్టరుని అడిగింది. మైదానం జోలికి పోవద్దనీ, కొత్త మడులు గేటు పక్కనున్న హెడ్మాస్టరు కారు షెడ్డు తీసేసి అక్కడ వేయమనీ, పన్నెండు బళ్లలోనూ ఆటస్థలం పక్కనే తోట పెట్టాలనీ అక్కడికక్కడే కాగితం మీద రాసి సంతకం పెట్టింది.

అందరూ వెళ్లిపోయాక సైన్సు టీచరు ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"అయితే మీరు నా తోటని చంపాలని చూశారన్నమాట."

"చూశానండి. చేతకాలేదు."

ఆవిడ విత్తనాల పొట్లం ఆయన చేతిలో పెట్టి, కారు షెడ్డు వైపు దారి తీసింది. ఆయన వెనకాలే నడిచాడు.