టెంటు కాడి మందారం

ఆ మందారాన్ని నరికించింది నువ్వే, రాజమల్లూ. కాంట్రాక్టరు మీదికి నెట్టకు, పనోళ్ల మీదికి అసలే నెట్టకు. అవతరణ ఉత్సవాల కమిటీకి పెద్దమనిషివి నువ్వు. జెండా గద్దె సుట్టు సిమెంటు బిళ్లలు పరవాలె, చెట్టు అడ్డమున్నదన్నది నువ్వు. నీ మాటకు తలలూపిన కమిటోళ్లందరిదీ ఈ పాపం.

అది ఎవలి చెట్టో నీకు యాదికి లేదేమో. నాకున్నది. చెప్త, ఇను.

సకల జనుల సమ్మె నడుస్తున్నది. సిరిసిల్లల రోడ్డు పక్కన, ఇప్పుడు జెండా గద్దె ఉన్నకాడనే, మన దీక్షా టెంటు. నువ్వు బట్ట నేసే సాంచెలు బందువెట్టి అచ్చినవ్, నేను బీడీల చాట ఇంట్ల వెట్టి అచ్చిన. బట్టలు కుట్టే దిల్షాద్ బేగం, మన దిల్షాద్ ఆపా, మిషను మీద గుడ్డ కప్పి అచ్చి మన నడుమ కూసునేది. గప్పుడే కోరుట్లల ఆమె తల్లిగారి ఇల్లు కూలగొడుతున్నరని కబురచ్చింది. అన్నదమ్ములు అమ్ముకున్నరు. వాకిట్ల వాళ్లమ్మ పెట్టిన మందారం ఉండె. ముద్ద మందారం కాదు, ఐదు రెక్కలది, ఎర్రది. ఆపా ఉరికింది, కొమ్మలు కోసుకున్నది. బస్సులు మనమే ఆపితిమి గద. జగిత్యాల దాక ఆటో, కొండగట్టు దాక ట్రాక్టరు, బోయినపల్లి మీదికెల్లి ఎవలిదో డీసీఎం వ్యాను. తడి గుడ్డల సుట్టిన కొమ్మలు ఒళ్లె వెట్టుకొని అచ్చి టెంటు కాడ దిగింది.

"మీ సమ్మె సల్లగుండ, నా నడుము విరిగింది" అన్నది. తిట్టుకుంటనే అచ్చి మన పక్కన కూసున్నది.

ఆమె కిరాయింట్ల మట్టి లేదు, అంత గచ్చే. అందుకే టెంటు ఎనుక పెడ్తనన్నది. మనం నవ్వినం. ఆమె పట్టించుకోలే. చిటికెన వేలంత లావు కొమ్మలు, జానెడు పొడుగు. కింది కొస ఏటవాలుగ కోసింది, పై కొస సాపుగ. ఏది కిందికో ఏది మీదికో మర్వకుండ అట్ల కొయ్యాలెనట. కింది ఆకులు దూసి, మీద రెండే ఉంచింది. మట్టిల ఇసుక, మాగిన పెంట నీతోనే కలిపించింది. ఎండ తగలకుండ టెంటు నీడల గుచ్చింది. రోడ్డు మీద వంటావార్పు చేసిననాడు బియ్యం కడిగిన నీళ్లు పారబోయనియ్యలే, అవి కొమ్మలకే. అవి గూడ కొన్ని కొన్ని. నిలువ ఉంటే మురుగుతదని భయం ఆమెకు.

మనకు ఓపికెక్కడిది? టెంటుకు రాంగనే నువ్వు ఒక కొమ్మ పీకి, వేరచ్చిందా అని సూసి, మళ్ల గుచ్చెటోనివి. అట్ల పీకినవన్ని ఎండిపోయినయ్. ఆఖరుదాని మీద చెయ్యేస్తుండంగ ఆపా నీ చేతి మీద సరిచింది.

"పీకి సూస్తే వేరు రాదు తమ్మీ. నీళ్లు పోసి కూసో. తెలంగాణ కావాలంటివి, గింత ఓపిక లేదా?"

టెంటంత నవ్వింది. నువ్వు గూడ నవ్వినవ్. ఆ ఒక్క కొమ్మే బతికింది. సమ్మె ఆగింది, టెంటు లేసింది, అది మాత్రం ఆడనే చిగురేసింది. రాష్ట్రమచ్చిననాటికి నా ఎత్తయింది. ఆనాడు నీ మెడల వేసిన దండ ఆ పూలదే. మాపటికి వాడిపోయినా నువ్వు తియ్యలే.

ఇయ్యాల పొద్దుగాల తలనూనెకు పూలు తెంపుకుందామని ఆపా అచ్చింది. చెట్టు లేదు. పనోళ్లు బిళ్లలు పరుస్తున్నరు. ఆమె లొల్లి చెయ్యలే.

"మా అమ్మ ఇంటిది గిదొక్కటే మిగిలుండె, రమా" అన్నది. నరికేసిన కుప్పల ఇంకా పచ్చగున్న కొమ్మలు ఏరవట్టింది. కండ్లు అగుపడనియ్యలే నాకు.

కొమ్మలు నా ఇంట్ల తడి గోనెపట్టల ఉన్నయ్. ఎండలు మండుతున్నయ్, అవి ఎక్కువ ఆగయి. ఉత్సవం అయినంక సూద్దామనకు. గద్దె పక్కన బిళ్లలు లేపించు. కింద మట్టి తవ్వించు. ఇసుక, పెంట నువ్వే కలుపు, ఎట్లనో నీకు తెల్సు. నీడకు షామియానా ముక్క కట్టు, నీకు వాటికి కొదవ లేదు. ఆపాను తోల్కచ్చి ఆమె చేతులతోనే పెట్టియ్యి. నీళ్లు నువ్వు పొయ్యి.

ఈసారి పీకి సూడకు.