ఐరాకు పదకొండు అరుపులు

నవత గొంతులో ఆవగింజంత కాయ ఉందని డాక్టర్ చెప్పి నాలుగు రోజులైంది. పది రోజులు మాట తగ్గించాలి, అరవడం అసలే వద్దు, అరిస్తే అది చిట్లి గొంతే పోవచ్చు అన్నాడు. ఆ సంగతి స్టూడియోలో చెప్పనని నా కూతురు నా చేత ఒట్టు వేయించుకుంది. రెండేళ్లుగా సీరియళ్లలో పక్కింటి పిల్లలకూ పనిమనుషులకూ గొంతిచ్చిన పిల్లకు మొదటిసారి హీరోయిన్ పాత్ర దొరికింది. జపాన్ బొమ్మల సీరియల్. ఈ రోజు మొదటి ఎపిసోడ్‌కు డబ్బింగ్.

నా మనసు ఆగక బోరబండ నుంచి నేనూ వెంట బయలుదేరాను. ఫిలింనగర్ ఎత్తు ఎక్కుతుంటే ఆటోలో అరుపుల లెక్క అడిగాను. "ఒర్రుడు ఎన్నిసార్లున్నదే?"

"పదకొండు," అంది. "నువ్వు సప్పుడు చెయ్యకు. నోరు తెరిస్తే ఇంకొకరికిస్తరు."

అద్దానికి ఆవల నవత, చెవులకు హెడ్‌ఫోన్లు. ఈవల నేను, డబ్బింగ్ డైరెక్టర్ పుష్పవల్లిగారు, మీటల బల్ల ముందు సౌండ్ ఇంజినీర్ సృజన్. తెర మీద రెండు లోకాలు, ఒకదాని నెత్తిన ఒకటి. మధ్యలో ఆకాశమే గోడ. పైవాళ్లకు ఇనుప ఓడలు, కిందివాళ్లకు మంత్రాలు. ఐరా అనే పిల్ల మిద్దె మీద బట్టలు ఆరేస్తుండగా ఆకాశం పాతచీరలా చిరిగింది. ఓడలు దిగాయి. ఊరంటుకుంది. బొమ్మలే అని తెలుసు. అయినా వాళ్లమ్మ కాలుతున్న ఇంట్లో ఉండిపోయిందనేసరికి కుర్చీలో ముందుకు జరిగాను.

మాటలన్నీ మధ్యాహ్నానికి అయిపోయాయి. అరుపులు ఎప్పుడూ చివరికే ఉంచుతారట, గొంతు పోయినా పని ఆగకుండా.

సృజన్ ఒక మీట నొక్కిపట్టాడు. అది నొక్కితేనే మన మాట లోపలికి వెళ్తుంది. "నవతా, ఇల్లు కాలుతోంది. అమ్మ లోపలుంది. నిండు గొంతు కావాలి," అన్నారు పుష్పవల్లిగారు. "సాయంత్రానికి ముంబైలో ఛానల్ వాళ్లకు పంపెయ్యాలి."

నవత మెడ తడుముకుంది. ఊపిరి బిగించింది. దాని తెల్ల చున్నీ మీద నాకు రక్తం కనబడింది. లేదు, కానీ కనబడింది.

"జర ఆపుండ్రి మేడం! దాని గొంతుల కాయ అయింది. ఇంకా ఆరు రోజులు ఒర్రొద్దన్నడు డాక్టరు. నేను చెప్పిన్నని దానికి చెప్పకుండ్రి. ఇంకొకరికి ఇయ్యకుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

సృజన్ వేలు ఇంకా మీట మీదే ఉంది. "ఆంటీ, లోపలికి వినబడ్డది," అన్నాడు మెల్లగా.

అద్దం వెనక నవత నన్నే చూస్తోంది. "మొత్తం ఖరాబ్ చేసినవ్ కదనే అమ్మా," అంది. "మేడం, టేక్ పెట్టుండ్రి. నేను చేస్త." నోరు తెరిచింది.

"ఆపు!" పుష్పవల్లిగారే అరిచారు. విసురుగా లోపలికి వెళ్లి దాని హెడ్‌ఫోన్లు తీసి తను పెట్టుకున్నారు. "ఇవతలికి జరుగు. అరుపులు నేను ఇస్తాను. ముంబైలో ఎవడికీ తేడా తెలీదు. పొద్దున్నే చెప్పుంటే ఇంకో అమ్మాయిని పిలిపించేదాన్నిగా? యాభై మూడేళ్లొచ్చాక నాకిదేం పనమ్మాయ్?"

ఆమె అరిచారు. బీపీ ఉంటుందేమో, నరం చిట్లుతుందేమో అని ఇప్పుడు ఆమె కోసం హడలిపోయాను. పదకొండూ అయ్యేదాకా నవత గోడకు ఆనుకుని, తెర మీద ఐరా పెదవులనే చూస్తూ నిలబడింది.

"రెండో ఎపిసోడ్‌కు మా పిల్ల ఉంటదా మేడం?" అని అడిగాను.

బొంగురు గొంతుతో అన్నారు, "ఆరు రోజులాగి రమ్మనండి. గొంతు విని చెప్తాను. మళ్లీ దాచిందో, తీసేస్తాను."

తిరుగు దారిలో నవత ఆటో అంచుకు జరిగి కూర్చుంది. "కోపమా బిడ్డా?" అన్నాను. రోడ్డు వైపు చూసింది. డాక్టర్ చెప్పాడని ఊరుకుందో, నాతోనే మాట్లాడొద్దనుకుందో తెలియలేదు. చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు. తిరిగి పట్టుకోనూ లేదు.