రెండే చాలు, రాసివ్వండి

ప్రసూతి వార్డుకు తాళం పడిన రోజునే అందులో పనిచేసే నర్సు ప్రాంతీయ మండలికి పోటీ చేయాలని నిశ్చయించుకుంది. ఆసుపత్రుల మీద అధికారాన్ని పదేళ్ల కిందట రాజధాని ఆ ప్రాంతానికి ఇచ్చింది. ఆ అధికారంతోనే మండలి వార్డు కట్టుకుంది. తర్వాత పార్లమెంటు ఒక్క పూటలో ఓటేసి ఆ అధికారాన్ని వెనక్కి తీసుకుంది, వార్డు మూయించింది. మండలిని ఒక్క మాట అడిగిన నాథుడు లేడు.

ఆమె గెలిచింది. రెండేళ్లకు అధికారాల గురించి రాజధానితో కొత్త ఒప్పందం మీద చర్చలు మొదలయ్యాయి. రాజధాని తరఫున వచ్చిన న్యాయవాది స్వయానా ఆమె అక్క భర్త.

ఆయన ముసాయిదా తీసి చదివాడు. ఆసుపత్రులు, బడులు, రోడ్లు, అడవులు, రేవులు, ఐదింటి మీదా అధికారం మండలికే. సభ్యుల ముఖాలు విప్పారాయి.

"రేపు మీ పార్లమెంటు మనసు మారితే బావగారూ?" అని అడిగింది నర్సు.

"చట్టం చేసినవాళ్లకి మార్చే హక్కూ ఉంటుందమ్మా. అయినా ఎవరు మారుస్తారు?"

"మొన్న మార్చినవాళ్లే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది అప్పగింత. అప్పగించినవాళ్లు ఎప్పుడైనా లాక్కోవచ్చు. మాకు పంపకం కావాలి. మా వంతు రాజ్యాంగంలో రాయండి. ఇద్దరం ఒప్పుకోనిదే అందులో అక్షరం కదలకూడదు. తగువొస్తే కోర్టు తేలుస్తుంది," అంది నర్సు.

"అలాగైతే రాజధాని ఇన్ని ఇవ్వదు. ఆసుపత్రులు, బడులు, అంతే."

"రెండే చాలు, రాసివ్వండి."

రొట్టెల దుకాణం నడిపే మండలి అధ్యక్షుడు ఉలిక్కిపడ్డాడు. "ఐదు చేతికొస్తుంటే కాలదన్నుకుంటామా తల్లీ?"

"వార్డు మూసిన రోజు నొప్పులు పడుతున్న మనిషిని గుమ్మంలోంచి తిప్పి పంపాను అన్నా. మళ్లీ ఆ పని చెయ్యను."

నాలుగు రోజులు సభ్యుల ఇళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. రెండు ఓట్ల తేడాతో ఆమె మాటే నెగ్గింది.

"నువ్వు ఉడుంపట్టు మనిషివని మీ అక్క పెళ్లినాడే చెప్పింది. కాస్త తగ్గించి చెప్పినట్టుంది," అన్నాడు బావగారు సంతకం చేస్తూ.

మరుసటి ఏడు రాజ్యాంగ సవరణ జరిగింది. వార్డు తెరిచిన ఉదయమే గోతుల రోడ్డు మీద ఊగుతూ అంబులెన్సు వచ్చింది. గర్భిణి భర్త దిగుతూనే సణిగాడు. "ఈ రోడ్డు మీ మండలి కింద లేదా అమ్మా?"

"లేదు బాబూ. వచ్చే చర్చల్లో అడుగుతాం. ముందు ఆమెను లోపలికి తీసుకురా," అంటూ నర్సు తలుపు బార్లా తెరిచి పట్టుకుంది.