అత్తయ్య కొట్టు

ఆ ఇంట్లో ఒంటిమీద బట్ట లేని వస్తువు ఉండటానికి వీల్లేదు. మిక్సీకి తొడుగు, టేబుల్ ఫ్యానుకి తొడుగు, టీవీకి అంచు కుట్టిన తొడుగు, చివరికి రిమోటుకి కూడా బొత్తాం ఉన్న సంచీ. అన్నీ అత్తగారి చేతి కుట్లే. ఏళ్ల తరబడి దర్జీ కొట్టు నడిపిన మనిషి ఆవిడ. కుర్చీలోంచి లేస్తే మిషను మీద గుడ్డ కప్పకుండా అడుగు కదిపేది కాదు. తెరిచి వదిలేసిన మిషను దుమ్ముపట్టి చెడిపోతుందని, పనిలో చేరిన ప్రతి పిల్లకీ మొదటిరోజే చెప్పేది. కోడలికి మాత్రం ఈ తొడుగులంటే ఒళ్లు మంట. టీ పెట్టుకుందామని వెళ్లి ముందు స్టవ్వు బట్టలు విప్పాల్సి వస్తే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు?

కొట్టున్న భవనాన్ని పడగొట్టినప్పటినుంచి అత్తగారు ఇంటిపట్టునే ఉంటోంది. "ఇన్నాళ్లూ చేసింది చాలు, హాయిగా కూర్చోమ్మా" అంటాడు కొడుకు. హాయిగా కూర్చోవడం ఒక్కటే ఆవిడకు చేతకాని విద్య. మనుషులకు కుట్టే పని లేక వస్తువులకు కుడుతోందని కోడలికి అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. అర్థమయ్యాక ఊరుకోలేదు. ఒక కుట్టు శిక్షణ కేంద్రం వాళ్లు వీడియోలో కత్తిరింపు నేర్పే మనిషి కోసం వెతుకుతున్నారని తెలిసి, తనే వాళ్లకు ఫోన్ చేసింది. ఒక పాఠం చెప్పి చూపించమన్నారు, బాగుంటే పనిలోకి తీసుకుంటామన్నారు. ఇక ఆనాటినుంచి అత్తగారికి తిండి సహిస్తే ఒట్టు. దిండుని ఎదురుగా కూర్చోబెట్టుకుని దానికి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది.

పాఠం రోజు రానే వచ్చింది. రావాల్సిన కేబుల్ మనిషి మాత్రం రాలేదు. మొన్నటి పిడుగుకి వైఫై పెట్టె మాడిపోతే, ఇవాళ రేపు అంటూ తిప్పుతున్నాడు. ఫోన్ సిగ్నలా, ఆ ఇంట్లో ఒక్క గీత కూడా నిలవదు. మిగిలిందల్లా గోడలోంచి వచ్చే వైరు ఒక్కటే. అది లోపలి గదిలో కోడలి ల్యాప్‌టాప్‌కి గుచ్చి ఉంది. సరుకుల రవాణా కంపెనీకి ఆమె ఇంటినుంచే పనిచేస్తుంది, ఆ పూటకి సెలవు పెట్టింది.

"అయితే నీ దాంట్లోకి వైరులో వచ్చేది, నా ఫోన్లోకి వైరు లేకుండా వస్తుందంటావ్?" అంది అత్తగారు నమ్మలేక.

"వస్తుంది అత్తయ్యా. హాట్‌స్పాట్ అంటారు. ల్యాప్‌టాప్ అటు వైరు నుంచి తీసుకుని, ఇటు గాల్లోంచి మన ఫోన్‌కి ఇస్తుంది. మీరు వైరు జోలికి వెళ్లకండి, అంతే. ఛార్జరు జోలికి కూడా."

"నాకేం పని, నేనెందుకు వెళ్తాను?"

మూత సంగతి చెప్పాలని కోడలికి తోచలేదు. మూత వేస్తే ల్యాప్‌టాప్ నిద్రపోతుంది, అది నిద్రపోతే దాన్ని నమ్ముకున్న ఫోన్లన్నిటికీ నెట్టు పోతుంది. ఆమెకు అది ఎంత మామూలు సంగతంటే, ఒకరికి చెప్పాల్సిన విషయంలాగే అనిపించలేదు.

హాట్‌స్పాట్‌కి పేరొకటి పెట్టాలి కదా. "అత్తయ్య కొట్టు" అని పెట్టింది. కొట్లో పనిచేసే పిల్లలంతా ఆవిడని అత్తయ్యా అని పిలిస్తే, విని విని వీధంతా ఆ కొట్టుకి అదే పేరు ఖాయం చేసింది. ఫోన్ తెర మీద ఆ రెండు మాటలూ కనబడగానే అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. టేపు మెడలో వేసుకుంది.

ముందుగదిలో బల్ల మీద గుడ్డ పరిచారు. బల్ల పైనుంచి కనబడాలి కాబట్టి కోడలు స్టూలెక్కి ఫోన్ వంచి పట్టుకుంది. తెర మీద కేంద్రం మేడమ్, ఆవిడ చుట్టూ కత్తెరలు పట్టుకున్న ఆడపిల్లలు. అత్తగారు కాసేపు నీళ్లు నమిలింది. అయితే చేతిలోకి కత్తెర రాగానే ఆవిడకి గొంతులోకి మాట కూడా వచ్చింది. చొక్కా చేయి ఎలా కొలవాలో, భుజం దగ్గర వంపు ఎందుకు తిప్పాలో చెబుతుంటే పిల్లలు కన్నార్పకుండా విన్నారు. ఇక కోయడమే తరువాయి.

"తొందరపడి కోసెయ్యకండి. అసలు సంగతి ఇంకా ఉంది. సుద్ద అరిగిపోయింది, కొత్తది తెచ్చుకొస్తా" అని లోపలి గదిలోకి వెళ్లింది.

సుద్దతో తిరిగొచ్చి "ఇప్పుడు గుడ్డని ఇలా" అందో లేదో, తెర మీద మేడమ్ నోరు తెరిచినట్టే ఆగిపోయింది. ఆ తర్వాత గుండ్రంగా తిరిగే చక్రం తప్ప ఇంకేమీ లేదు.

కోడలు స్టూలు మీంచి ఒక్క దూకు దూకింది. "ఆ కేబుల్ వాడు నా చేతికి దొరకాలి! అత్తయ్యా, లోపల వైరేమైనా తగిలిందా?"

"నీమీదొట్టు, వైరు వంక కన్నెత్తి చూడలేదే!"

వైరు వంక చూడకపోవడం నిజమే. లోపలి గదిలో ల్యాప్‌టాప్ బుద్ధిగా మూత వేసుకుని, నీలిరంగు కొత్త తొడుగు తొడుక్కుని, నాడాలు ముడేసుకుని కూర్చుంది.

"తెరిచి పడుంది, దుమ్ము పడుతోందనీ..." అత్తగారి మాట తడబడింది. "నువ్వు నాకోసం ఇంత చేశావని దాచి కుట్టాను. పాఠం అయ్యాక ఇద్దామనుకున్నా. చెయ్యి ఊరుకోలేదు."

ఇన్నాళ్ల తొడుగుల మీది కోపమంతా కోడలి నాలుక చివరికి వచ్చింది. తలెత్తి చూస్తే అత్తగారు మంచం అంచున కూలబడి ఉంది.

"నాకెందుకే ఇవన్నీ," అందావిడ. "వద్దని చెప్పెయ్ వాళ్లకి. ఆ కొట్టుని ఎవరో పడగొట్టారు, దీన్ని నేనే మూసుకున్నాను."

కోపం ఎటు పోయిందో పోయింది. కోడలికి ఏడుపొచ్చింది. "తప్పు నాది అత్తయ్యా. అన్నీ చెప్పి మూత సంగతే చెప్పలేదు. లేవండి, ఈ ముడి నావల్ల కావడం లేదు!"

ఆ ముడి వేసిన వేళ్లకే లొంగింది. మూత తెరిచారు, పాస్‌వర్డ్ కొట్టారు. వైరులో నెట్టు వచ్చింది కానీ హాట్‌స్పాట్ తనంతట తాను లేవలేదు. కోడలు దాన్ని మళ్లీ వేసింది. ఫోన్లో అత్తయ్య కొట్టు మళ్లీ వెలిసింది.

"కరెంటు పోయిందని చెబుదామా?" అంది కోడలు గుసగుసగా.

"ఎందుకూ, నేనే మూశానని చెబుతా."

వీడియో మళ్లీ కలిసేసరికి అవతల ఎవరూ లేచిపోలేదు. సరే ఈలోగా ఊరికే ఉండటమెందుకని పిల్లలు గుడ్డ కోసేసి, కోసిన చొక్కా చేతులు గర్వంగా ఎత్తి చూపించారు. అత్తగారు కళ్లజోడు సర్దుకుంది. ఒక్కరికీ జత కుదరలేదు. అందరివీ రెండూ ఒకే వైపు చేతులు.

"భేష్!" అని పగలబడి నవ్వింది. "ఇక్కడ నేను మూత వేసి నెట్టు పోగొట్టాను, అక్కడ మీరు గుడ్డ పోగొట్టారు. చెల్లుకి చెల్లు. నా మొదటి చొక్కా కూడా ఇంతే తల్లీ. మనుషులెవరికీ పట్టక దిండుకి తొడిగాను. ఇప్పుడు చూడండి, గుడ్డ ముఖానికి ముఖం కలిసేలా మడిచి, రెండు పొరలూ ఒకేసారి కొయ్యండి. కుడీ ఎడమా వాటంతటవే వస్తాయి."

ఆ దిండు కథ విని మేడమ్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. చివర్లో, "సోమవారం నుంచి మొదలుపెడదామా అమ్మా? మూత మాత్రం వెయ్యకండి" అంది. కోడలి చేతులు నొప్పితో విరిగిపోతున్నాయి. అయినా ఫోన్ దించబుద్ధి కాలేదు.

భోజనాలయ్యాక అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని నీలి తొడుగు కుట్లు విప్పడం మొదలుపెట్టింది. మూత తెరిచి ఉన్నా తొడిగేలా మార్చి, వైరు దూరడానికి పక్కన ఒక కాజా కుడుతుందట. కోడలు వద్దనలేదు. ఎక్కడ కుట్టాలో తనే సుద్దతో గీత గీసి ఇచ్చింది.

అంతలో పైవాటా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో చంక దగ్గర చిరిగిన చొక్కా.

"పిన్నిగారూ, పొద్దుటినుంచీ నా ఫోన్లో అత్తయ్య కొట్టు అని కనిపిస్తోంది. మళ్లీ తెరిచారా ఏంటి?"

హాట్‌స్పాట్ పేర్లు చుట్టుపక్కల ఫోన్లలో కూడా కనిపిస్తాయని వివరించబోయి, కోడలు అత్తగారి ముఖం చూసి ఆగిపోయింది.

అత్తగారు దారాన్ని పళ్లతో తుంచి, చెయ్యి చాపింది.

"తెరిచామమ్మా," అంది. "ఏదీ, ఆ చొక్కా ఇటివ్వు."