టిల్డా చీటీ

చర్చి విందుకు పచ్చి టమాటాల పచ్చడి తన వంతు పడటంతో, అమ్మ వాడే కొలతల కోసం మైర్నా తన అక్క ఇంటికి వచ్చింది. అమ్మ రాసిన వంటల చీటీలన్నీ అక్క యూనిస్ దగ్గర ఒక రేకు డబ్బాలో ఉంటాయి. యూనిస్ నవలలు రాస్తుంది. ప్రతి నవలలోనూ మళ్లీ కనిపించే మనుషులకు ఒక్కో చీటీ రాసి, పచ్చళ్ల చీటీల వెనకే పెడుతుంది. ఎవరికి ఎన్నేళ్లు, ఎవరికి ఏ మోకాలు నొప్పి, అన్నీ అందులోనే.

వాళ్లలో టిల్డా అంటే మైర్నానే. వాళ్లుండే చేపల రేవులో అందరికీ తెలుసు. మంచు మీద జారి మైర్నా మణికట్టు విరిగితే మూడో నవలలో టిల్డాకూ విరిగింది. మైర్నా భర్త పడవ తిరిగి రాకపోతే అయిదో నవలలో టిల్డా ఒంటరిదైంది. చర్చిలో ఆడవాళ్లు "ఏం టిల్డా, ఈసారి ఎవర్ని కట్టుకుంటున్నావ్?" అని ఆటపట్టిస్తే మైర్నా కూడా నవ్వేది.

పచ్చడి చీటీ లాగితే దాని వెనకది కూడా చేతికొచ్చింది. టిల్డా. అరవై మూడేళ్లు. అట్టడుగున అక్క దస్తూరీలో కొత్త వాక్యం: "ఏడో నవల. ఆకులు రాలే కాలంలో చనిపోతుంది."

మైర్నా ఆ వాక్యం మళ్లీ చదివింది. రొమ్ములో గడ్డ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ముక్క తీసి పరీక్షకు పంపారు. శుక్రవారం హాలిఫాక్స్ ఆసుపత్రికి వెళితే ఏ సంగతో చెబుతారు.

"అక్కా, టిల్డాను చంపేస్తున్నావా?"

"చదివేశావూ?" యూనిస్ కెటిల్ పొయ్యి మీద పెట్టింది. "పోయినసారి ముసలి పాస్టరును చంపితే ఒక్కరూ కన్నీరు పెట్టలేదే. టిల్డా అయితే ఏడుస్తారు."

"చంపకు."

"నిన్నేదో చంపుతున్నట్టు మొహం పెట్టావేమిటే?"

"ఎక్కడికైనా పంపెయ్. కూతురి దగ్గరికి టొరంటో పంపు."

"పంపితే టిల్డా ఏదీ అని ఉత్తరాల మీద ఉత్తరాలొస్తాయి. అయినా రాతప్రతి సోమవారమే ఎడిటరుకు వెళ్లిపోయింది."

"వెనక్కి తెప్పించు. నీ కాళ్లు పట్టుకుంటాను అక్కా, తెప్పించు!"

యూనిస్ ఇటు తిరిగింది. మైర్నా అక్క చేయి లాక్కుని, స్వెటరు మీదే ఎడమ రొమ్ము పక్కన గడ్డ మీద పెట్టి నొక్కి, "శుక్రవారం హాలిఫాక్స్ రమ్మన్నారు" అంది. కెటిల్ కూత పెట్టింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని దించలేదు.

తర్వాత యూనిస్ ఎడిటరుకు ఫోను చేసింది. అతను ఏదో అడుగుతున్నాడు. "చివరి నాలుగు అధ్యాయాలూ తిప్పి పంపండి... లేదు, చనిపోదు... ఏమవుతుందో నాకు మాత్రం ఎలా తెలుస్తుందయ్యా!" అని అరిచి పెట్టేసింది.

మైర్నాకు ఊపిరి ఆడింది. ఆ కాసేపే. గడ్డ గడ్డలాగే ఉంది, శుక్రవారం శుక్రవారంలాగే ఉంది.

"నేనూ వస్తానే నీతో."

"రా. ఆ నోటుబుక్కు మాత్రం తేకు."

నవలల కోసం చూసిందల్లా రాసుకునే, ఎక్కడికెళ్లినా వదలని ఆ నోటుబుక్కును యూనిస్ ఏప్రన్ జేబులోంచి తీసి, చీటీల మీద పెట్టి డబ్బా మూత నొక్కింది. మూత పడలేదు. రెండు చేతులతో మళ్లీ నొక్కింది.